పెద్ద టెంటు, తక్కువ బడ్జెట్: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి

కార్తీక వనభోజనాల నుంచి సంక్రాంతి సెలవుల దాకా మన వైపు టెంటు వేసుకోవడానికి అనువైన కాలం. విజయవాడ నుంచో గుంటూరు నుంచో పొద్దున్నే కారులో బయల్దేరితే సూర్యలంక, హంసలదీవి, నాగార్జునసాగర్ మధ్యాహ్నంలోపే చేరొచ్చు. ఓపిక ఉన్నవాళ్లు లంబసింగి, అరకు దాకా వెళ్తారు. ఇంటిల్లిపాదీ ఒకే టెంటులో పడుకుందామని ఆన్‌లైన్‌లో వెతికితే ‘6 మందికి’, ‘8 మందికి’, ‘10 మందికి’ అంటూ చవక ధరల్లో వరసగా కనిపిస్తాయి. చిక్కంతా ఇక్కడే. సైజు పెరిగేకొద్దీ గుడ్డ, కడ్డీలు, కుట్లు, జిప్పులు అన్నీ పెరగాలి. ధర మాత్రం పెరగకూడదంటే తయారుచేసేవాళ్లు వీటిలో ఒక్కోదాన్నీ కొంచెం కొంచెం పలచన చేస్తారు. అందుకే డబ్బు తక్కువగా ఉన్నప్పుడు తగ్గించుకోవాల్సింది సైజునే అని మా గట్టి అభిప్రాయం. ఆ మాట ఎందుకంటున్నామో తెలియాలంటే టెంటును భాగాలుగా విడదీసి చూడాలి.

పెట్టె మీద అంకె

‘6 మందికి’ అంటే ఆరుగురు పక్కపక్కన ఇరుక్కుని పడుకుంటే సరిపోతుందని మాత్రమే అర్థం. మనిషికి సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పు లెక్క. రైల్లో స్లీపర్ బెర్తు దాదాపు అంతే ఉంటుంది. బ్యాగులు, నీళ్ల డబ్బా, నిద్రలో దొర్లే పిల్లలు ఈ లెక్కలోకి రారు. 240 సెంటీమీటర్ల వెడల్పున్న టెంటును నలుగురి టెంటుగా అమ్ముతారు. ఇంట్లో వాడే సింగిల్ పరుపు మూడడుగులు, అంటే 90 సెంటీమీటర్లు. అలాంటివి రెండు పరిస్తే ఇక మిగిలేది రెండడుగుల సందు. అందుకని ఆరు దాకా రాసిన అంకెలోంచి రెండు, ఆపైన మూడు తీసేయండి. నలుగురికి ‘6’, ఐదుగురికి ‘8’ అనుకోవచ్చు.

కొలతల బొమ్మను మాత్రం తీరిగ్గా చూడండి. బయటి కవరు కొలత వేరు, లోపల పడుకునే గది కొలత వేరు. పెద్దక్షరాల్లో కనిపించేది చాలాసార్లు బయటిదే. పొడవు 210 సెంటీమీటర్లు ఉన్నా, గోడలు ఏటవాలుగా దిగే డోమ్ టెంటులో తల దగ్గర, కాళ్ల దగ్గర గుడ్డ బాగా కిందికి వచ్చేస్తుంది. ఐదడుగుల పది అంగుళాల మనిషి పాదాలు రాత్రంతా దానికి తగులుతూ ఉంటే తెల్లారేసరికి దుప్పటి అంచు తడిసిపోతుంది. కొందరు తయారీదారులు పేరులోనే లెక్క చెప్పేస్తారు. డెకథ్లాన్‌లో దొరికే క్వెచువా అర్పెనాజ్ 4.1 అంటే నలుగురికి ఒక గది, 4.2 అంటే నలుగురికి రెండు గదులు, 6.3 అంటే ఆరుగురికి మూడు గదులు.

ఎత్తు విషయంలో ఇంట్లో ఎవరెవరు వస్తున్నారో చూసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మో అమ్మమ్మో వస్తుంటే నాలుగున్నర అడుగుల టెంటు పనికిరాదు. రాత్రి రెండుసార్లు లేచి, వంగి, పాకుతూ బయటికి రాలేరు. వాళ్ల కోసం నిలబడి బట్టలు మార్చుకోగలిగేలా ఆరడుగుల ఎత్తు కావాలి. కానీ ఆ ఎత్తు ఊరికే రాదు, గాలికి మూల్యం చెల్లించాలి. గాలి వేగం రెట్టింపైతే గుడ్డ మీద ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలిలో నిశ్చింతగా నిలబడిన టెంటు 40 కిలోమీటర్ల గాలికి నాలుగింతల తోపును తట్టుకోవాలి. ఆరడుగుల ఎత్తు, పదడుగుల వెడల్పున్న గోడ అంటే సముద్రపు ఒడ్డున తెరచాప నిలబెట్టినట్టే.

కడ్డీలు: చవకదనం ముందు బయటపడేది ఇక్కడే

బడ్జెట్ టెంట్లలో కడ్డీలు ఫైబర్‌గ్లాస్‌వి. అది మంచి పదార్థమే, మందం ఉంటే. ముగ్గురు నలుగురు పట్టే డోముకు 8.5 మిల్లీమీటర్ల కడ్డీ చాలు. అదే 8.5 కడ్డీని మూడు మీటర్ల వెడల్పు టెంటుకూ పెట్టి అమ్మేవాళ్లున్నారు. ఆరుగురి టెంటుకు కనీసం 9.5, వీలైతే 11 మిల్లీమీటర్లు, నిలబడే ఎత్తున్న పెద్ద టెంట్లకు 12.7 ఉండేలా చూసుకోండి. మందం ఎక్కడా రాయలేదంటే అది సన్నదేనని అనుకోవచ్చు.

ఫైబర్‌గ్లాస్ ఎలా విరుగుతుందో తెలిస్తే సగం విరగకుండానే ఆపొచ్చు. కడ్డీ ముక్కలను కలిపే చోట చిన్న లోహపు గొట్టం ఉంటుంది. ముక్క ఆ గొట్టంలోకి చివరిదాకా దిగకుండా అర అంగుళం బయట ఉండిపోయిందనుకోండి, కడ్డీని వంచగానే బరువంతా గొట్టం అంచు మీద పడుతుంది. అక్కడ నిలువునా సన్నని తెల్ల గీత కనిపిస్తుంది, పగులు మొదలైందన్నమాట. మళ్లీ వంచితే వెదురు చీలినట్టు పొడవునా చీలుతుంది. ఆ పీచు చేతిలో గుచ్చుకుంటే తీయడం కష్టం, కాబట్టి చీలిన కడ్డీని ఉత్త చేత్తో పట్టుకోవద్దు. గుడ్డ సందులోంచి కడ్డీని ఎప్పుడూ తోయాలి, లాగకూడదు. లాగితే ముక్కలు ఊడిపోయి, మీరు చూడని చోట సగం సగం కూర్చుంటాయి.

కడ్డీ మీద సరిగ్గా జారేంత బోలు ఉన్న జానెడు లోహపు గొట్టం, ఒక చుట్ట గట్టి టేపు టెంటు సంచిలోనే ఉంచుకోండి. విరిగిన చోట తొడిగి రెండు వైపులా టేపు చుడితే ట్రిప్పు గడిచిపోతుంది. ఇనుప కాళ్లున్న గది ఆకారపు టెంట్లు గట్టివే, కానీ బరువు, పైగా ఉప్పుగాలికి తుప్పు పడతాయి. అల్యూమినియం బాగుంటుంది. కారులో మోసుకెళ్లే టెంటుకు ఆ ఖర్చు అక్కర్లేదు.

గొడుగులా తెరుచుకునే ఆటోమేటిక్ టెంట్ల గురించి ఒక్క మాట. చిన్న సైజుల్లో సౌకర్యమే. పెద్ద సైజులో మాత్రం భారమంతా నడినెత్తిన ఉండే ప్లాస్టిక్ జాయింటు మీద పడుతుంది. అది విరిగితే అతికించడానికి వేరే దారి లేదు.

నీళ్లు: మిల్లీమీటర్ల లెక్క

టెంటు వివరాల్లో 1500 మి.మీ., 3000 మి.మీ. అని కనిపించేది గుడ్డ మందం కాదు. గుడ్డ మీద నిలువుగా నీళ్ల గొట్టం పెట్టి నీళ్లు పోస్తే ఎంత ఎత్తు దాకా కారకుండా ఆపుతుందో ఆ కొలత. 3000 అంటే మూడు మీటర్ల ఎత్తు నీటి బరువు. పై కవరుకు 1500 అన్నది కనీసం. మన వానలకు 2000 ఆపైన చూసుకోవడం మేలు. నేలకు ఇంకా ఎక్కువ, 3000 పైన ఉండాలి. పైన పడే చినుకు కంటే, తడినేల మీద మోకాలు ఆనించి కూర్చున్న మనిషి వేసే ఒత్తిడి చాలా పెద్దది. చవక టెంట్లలో ‘అడుగు నుంచి నీళ్లొచ్చాయి’ అనే ఫిర్యాదుకు ఎక్కువగా కారణం ఇదే. ‘వాటర్ రెసిస్టెంట్’ అని రాసి అంకె ఇవ్వకపోతే ఆ టెంటు జోలికి పోకండి.

నేలకు పాలిథిన్ నేత, అంటే మిర్చి కల్లాల్లో పరిచే పట్టా లాంటిది, వాడితే చవకగా కనబడుతుందని వెనకాడొద్దు. బరువు ఎక్కువే, మడతపెట్టినప్పుడు లావుగా ఉంటుంది, కానీ పలచని పాలిస్టర్ నేల కంటే ముళ్లకు, రాళ్లకు బాగా ఆగుతుంది. ఆ నేల అంచులు చుట్టూ జానెడు పైకి లేచి గోడకు కుట్టి ఉండాలి. కుట్టు నేలమట్టంలో ఉంటే ప్రవహించే నీళ్లన్నీ సూది రంధ్రాల్లోంచే లోపలికొస్తాయి.

సూది రంధ్రాల మాట వచ్చింది కాబట్టి, కొన్న టెంటు చేతికి రాగానే చేయాల్సిన మొదటి పని పై కవరును తిరగేసి కుట్లు చూడటం. ప్రతి కుట్టు మీదా లోపలివైపు వేలెడు వెడల్పున, మెరుస్తూ, పారదర్శకమైన టేపు వేడితో అతికించి ఉండాలి. గోటితో అంచును గీరి చూడండి, లేవకూడదు. మూడు కుట్లు కలిసే మూలల్లో టేపు ముడతపడి బుడగలా ఉబ్బి ఉంటుంది. కారేది మొదట అక్కడే. చీకటి గదిలో వెనకనుంచి సెల్‌ఫోన్ టార్చి వేస్తే సూది రంధ్రాలు చుక్కల్లా మెరుస్తాయి, వాటి మీద టేపు ఉందో లేదో చూడండి. ఒకటి రెండు మూలలైతే సీమ్ సీలర్ అనే జిగురు బ్రష్షుతో రాసి ఒక రోజు ఆరనిస్తే సరిపోతుంది. మొత్తం టేపే లేకపోతే వెనక్కి పంపేయండి.

కవరు నేలదాకా దిగాలి. టోపీలా పైభాగాన్ని మాత్రమే కప్పే టెంట్లు చవక, గాలి కూడా బాగా ఆడుతుంది. కానీ ఏటవాలుగా కొట్టే వానకు నిలవవు. మనకు వాతావరణం చల్లబడే రోజులే బంగాళాఖాతంలో తుపానుల రోజులు కూడా. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. తుపాను హెచ్చరిక ఉంటే ఏ టెంటూ వద్దు. అయితే హెచ్చరిక లేని రోజు వచ్చే జల్లుకూ ఈ టోపీ చాలదు.

వాన రాకుండానే తెల్లారి లోపల తడి కనిపిస్తే టెంటు కారిందనుకోకండి. నలుగురు ఊపిరి వదిలిన తేమే రాత్రికి అరలీటరు దాటుతుంది. అది చల్లని గుడ్డకు తగిలి బొట్లు కడుతుంది. లంబసింగి లాంటి చలి చోట, డిసెంబరులో ఇది తప్పదు. ఒకే పొర ఉన్న టెంటులో ఆ బొట్లు మొహం మీద పడతాయి. రెండు పొరలుంటే కవరు లోపలివైపునుంచి జారి బయటికి పోతాయి. అందుకని లోపల నెట్టు, పైన కవరు, మధ్యలో కనీసం నాలుగు వేళ్ల ఖాళీ ఉన్నదే తీసుకోండి. చలిగా ఉందని గాలి కిటికీలన్నీ మూసేస్తే తడి ఇంకా పెరుగుతుంది.

దోమ, పాము, ఎండ

పరదేశీ సమీక్షల్లో వీటికి ఎంత చోటు దొరికినా దొరక్కపోయినా, మనకు మాత్రం వీటితోనే పని. లోపలి టెంటు పైభాగం సగానికి పైగా సన్నని నెట్టు ఉండాలి. తలుపు జిప్పు మూలలో రెండు స్లైడర్లు కలిసే చోట వేలు దూరేంత సందు ఉంటే ఆ రాత్రి డెల్టా దోమలకు విందే. లోపల కాయిల్ వెలిగించొద్దు: పాలిస్టర్ నిప్పురవ్వకు కరిగి అంటుకుంటుంది, పైగా ఆ పొగతో పాటు కార్బన్ మోనాక్సైడ్ లోపలే నిలుస్తుంది. స్టవ్వుకూ ఇదే మాట.

నేల గోడకు కుట్టి ఉండాలని ఇందాక నీళ్ల కోసం చెప్పాం. అంతకంటే పెద్ద కారణం ఇంకోటుంది. కట్లపాము రాత్రిపూట తిరిగేది; నేల మీద నిద్రపోతున్నవాళ్లను కరవడం దాని విషయంలో తరచూ జరిగేదే, కాటు నొప్పి కూడా పెద్దగా తెలియదు. కుట్టిన నేల, పూర్తిగా మూసిన జిప్పు రెండూ ఉంటే అది లోపలికి వచ్చే దారే ఉండదు. పెద్ద టెంట్లలో ముందు ఉండే వరండా భాగానికి నేల ఉండదు. అక్కడ పిల్లలను పడుకోబెట్టొద్దు, అక్కడ విడిచిన బూట్లు దులపకుండా తొడుక్కోవద్దు.

ఎండ విషయంలో నల్ల పూత గుడ్డలు, డెకథ్లాన్ ‘ఫ్రెష్ అండ్ బ్లాక్’ లాంటివి, లోపల చీకటిగా ఉంచుతాయి, వేడి కొంత తగ్గిస్తాయి. డబ్బుంటే మంచిదే. చేతిలో తక్కువుంటే టెంటు పైన రెండడుగుల ఎత్తులో పట్టా కట్టండి. మధ్యలో గాలి ఆడుతుంది కాబట్టి ఫలితం అంతకంటే మెరుగ్గానే ఉంటుంది. సూర్యలంక వైపు సరుగుడు చెట్ల మధ్య తాడు లాగితే పని సులువు. కొబ్బరి, తాటి చెట్ల కింద మాత్రం వేయొద్దు. పిల్లలతో మార్చి దాటాక మన మైదానాల్లో టెంటు ఆలోచన మానుకోవడమే మంచిది.

మేకులు: టెంటుతో వచ్చినవి ఎందుకు పనికిరావు

చవక టెంటు సంచిలో జానెడు పొడవున్న సన్నని ఇనుప చువ్వలు పదో పన్నెండో ఉంటాయి. అవి పచ్చిక బయళ్ల కోసం చేసినవి. గుంటూరు నల్లరేగడి ఎండితే రాయిలా గట్టిపడి చువ్వ వంగిపోతుంది, తడిస్తే వెన్నలోంచి వచ్చినట్టు ఊడొస్తుంది. సాగర్ వైపు రాతినేలలో సగం కూడా దిగవు. సముద్రపు ఇసుకలో అసలు పట్టే ఉండదు. పెద్ద టెంటు పడిపోవడానికి గుడ్డ కంటే, కడ్డీ కంటే, మేకే ఎక్కువసార్లు కారణమవుతుంది.

మట్టి నేలకు 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు, 8 మిల్లీమీటర్ల మందమున్న గట్టి ఇనుప మేకులు కావాలి. కమ్మరి దగ్గరో వెల్డింగు షాపులోనో కడ్డీ కోయించి, పైన కొక్కెంలా వంచి, కింద మొన తీయిస్తే చవగ్గా వస్తాయి. పన్నెండు చేయించండి. మేకు తల టెంటుకు దూరంగా వాలేలా, దాదాపు 45 డిగ్రీల వాలులో, తాడుకు అడ్డంగా దించాలి. నిటారుగా కొడితే గాలి ఊపులకు మేకు కదిలి రంధ్రం పెద్దదవుతుంది.

ఇసుకలో మేకులు కాదు, సంచులు వాడాలి. ఉతికిన సిమెంటు సంచిని సగం దాకా ఇసుకతో నింపి, మూతి కట్టి, నడుముకు తాడు బిగించి, మూరెడు లోతు గుంటలో పూడ్చి తొక్కండి. తాడు మాత్రం పైకి తేలి టెంటు వైపు ఏటవాలుగా రావాలి. నాలుగు మూలలకు నాలుగు, గాలి వచ్చే వైపు అదనంగా రెండు సరిపోతాయి. పగలు గాలి సముద్రం వైపు నుంచి, రాత్రి చాలాసార్లు నేల వైపు నుంచి వస్తుంది, అందుకని ఒక్క వైపే బిగించి వదిలేయొద్దు. పొడవాటి టెంటైతే ఇరుకు వైపును గాలికి ఎదురుగా పెట్టండి. కుట్టి ఉన్న ప్రతి తాడునూ కట్టండి. ‘ఇవాళ గాలి లేదులే’ అని వదిలేసిన తాడే అర్ధరాత్రి కడ్డీ విరగడానికి కారణమవుతుంది. ఈ తాళ్లు చుట్టూ మీటరు, మీటరున్నర స్థలం తింటాయి. పదడుగుల టెంటుకు పద్దెనిమిది అడుగుల చోటు కావాలని ముందే లెక్కేసుకోండి.

మరి ఏది కొనాలి?

చేతిలో 10 రూపాయలుంటే టెంటుకు 7 పెట్టండి. మిగతా 3 మేకులకు, నాలుగు మిల్లీమీటర్ల నైలాన్ తాడుకు, పట్టాలకు, సుత్తికి ఉంచండి. అలా పెట్టినప్పుడు ‘6 మందికి’ అని రాసిన ఒక్క టెంటు మంచి కడ్డీలతో, టేపు వేసిన కుట్లతో రాకపోతే ‘4 మందికి’ అని రాసినవి రెండు తీసుకోండి. ఎదురెదురుగా తలుపులు పెట్టి మధ్యలో పట్టా కడితే నడుమ నీడ దొరుకుతుంది, భోజనాలు అక్కడే. పొట్టి టెంట్లకు గాలి తక్కువ తగులుతుంది, ఒకటి పాడైనా రెండోది ఉంటుంది, ఇద్దరే వెళ్లే ప్రయాణానికి ఒకటి చాలు. చిన్న పిల్లలు అమ్మానాన్నలను వదిలి ఉండలేని వయసులో ఉంటేనో, పెద్దవాళ్లకు నిలబడే ఎత్తు తప్పదంటేనో ఒకే పెద్ద టెంటు వైపు మొగ్గాలి. అప్పుడైనా ఎనిమిది మందిది చవకగా కొనే బదులు, అదే డబ్బుకు వచ్చే ఆరుగురిది చూడండి.

పట్టాలు విజయవాడలోనూ గుంటూరులోనూ వ్యవసాయ సామాన్లు, టార్పాలిన్లు అమ్మే కొట్లలో కొనండి. చేత్తో పట్టి మందం చూసుకోవచ్చు. నీడకు 200 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు గ్రాముల బరువు) ఆపైన, అంచుల్లో లోహపు రింగులున్నది తీసుకోండి. టెంటు కింద పరిచేదానికి మరొకటి. అది టెంటు నేల కంటే అన్ని వైపులా రెండు మూడు అంగుళాలు చిన్నగా ఉండాలి. బయటికి వస్తే వాన నీళ్లు దాని మీద పడి టెంటు కిందికే చేరతాయి.

వెనక్కి పంపే గడువు ఆన్‌లైన్‌లో కొద్ది రోజులే, కాబట్టి పార్శిల్ వచ్చిన వారంలోపే డాబా మీద వేసి చూడండి. మేకులు కొట్టలేరు కనుక మూలలకు 20 లీటర్ల నీళ్ల క్యాన్లు కట్టండి. మొదట కుట్లు, జిప్పులు, కడ్డీల మందం చూసి, వెనక్కి పంపే లోపం లేదని తేలాకే నీళ్ల పరీక్ష పెట్టండి. లోపల పాత వార్తాపత్రికలు పరిచి, పైనుంచి ట్యూబుతో పదిహేను నిమిషాలు నీళ్లు కొడితే ఏ కుట్టు కారుతుందో కాగితమే చూపిస్తుంది.

తిరిగొచ్చాక ఆ రోజే విప్పి ఆరేయడం తప్పనిసరి. మన ఉక్కపోతలో తడి టెంటు ఒకటి రెండు రోజుల్లోనే బూజు పడుతుంది. నీళ్లు ఆపేది గుడ్డ లోపలి పాలియురేథేన్ పూత. తేమ, వేడి కలిస్తే అది విడిపోయి జిగురుగా తయారవుతుంది, పుల్లని వాసన వేస్తుంది, పొరలుగా రాలుతుంది. దానికి బాగుచేత లేదు. అందుకని ఎండాకాలంలో కాలిపోయే అటక మీద పెట్టొద్దు. నీడలో పూర్తిగా ఆరాక, బిగుతు సంచిలో కుక్కకుండా, పాత దుప్పట్లో వదులుగా చుట్టి గదిలో ఉంచండి. జిప్పుల్లోని ఇసుకను పాత టూత్‌బ్రష్షుతో దులిపి కొవ్వొత్తితో ఒకసారి రుద్దండి. కడ్డీలను చివరనుంచి కాకుండా మధ్య ముక్క దగ్గర మొదలుపెట్టి మడవండి. లోపలి సాగే తాడు రెండు వైపులా సమానంగా లాగి, ఒక్క చోటే అరిగి తెగకుండా ఉంటుంది.